ఎనిమిది వేల చుట్లు

తేజేశ్వర్ గిటారు తయారైంది రెండు వేల పద్దెనిమిదిలో. రూపు మాత్రం అరవై రెండు నాటిది. మధ్యలో యాభై ఆరేళ్ళు ఏమయ్యాయో చేసిన కంపెనీ చెప్పదు, కొన్నవాడు అడగడు. పాత మోడల్‌ని అవే కొలతలతో, అదే మీగడ రంగుతో మళ్ళీ చేసి అమ్మితే దాన్ని రీఇష్యూ అంటారు.

తేజేశ్వర్‌కి బెజవాడ వన్‌టౌన్‌లో చీరల దుకాణం. తాత పెడనలో నేశాడు. తండ్రి ఆదిశేషయ్య నేత మాని అమ్మకం పట్టాడు. తేజేశ్వర్ అమ్మకం ఒక్కటే నేర్చుకున్నాడు. మరమగ్గం చీర తీసి కొనేవాళ్ళ ముందు పరుస్తాడు. అంచులో సూది చిల్లులు చూపిస్తాడు. "చేత్తో నేసిందమ్మా. పెడనలో మా పెద్దమ్మ వాళ్ళింటి వెనకే మగ్గం" అంటాడు. చిల్లులు మరమగ్గమూ వేస్తుంది. కొనేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. పెడనలో పెద్దమ్మ ఉన్న మాట మాత్రం నిజం.

పంతొమ్మిదేళ్ళ వయసులో గిటారు కావాలన్నాడు. ఆదిశేషయ్య చీర మడతపెడుతూ, తలెత్తకుండా, "తీగలే కావాలంటే మీ పెదనాన్న మగ్గానికి రెండు వేల పోగులున్నాయి. వెళ్ళి వాయించుకో" అన్నాడు. ఆ మాట ఇరవై ఆరేళ్ళు లోపల నిలవ ఉంది. తండ్రి సంవత్సరీకం అయ్యాక, నలభై అయిదో ఏట, తేజేశ్వర్ గిటారు కొన్నాడు.

కొన్నాక వాయించడం నేర్చుకుంటాడని ఇంట్లో అనుకున్నారు. అతను విప్పడం నేర్చుకున్నాడు.

ముందు తీగలు బిగించే మరలు మార్చాడు. తర్వాత లోపలి వైర్లు. అరవైల్లో గిటారు వైరుకి ప్లాస్టిక్ కాదు, నూలు గుడ్డ తొడిగేవారని ఎక్కడో చదివాడు. మూడు తరాల నేతింటివాడు, విదేశం నుంచి రావలసిన మూరెడు నూలు తొడుగు కోసం నలభై రోజులు సముద్రం వైపు చూశాడు. ప్లాస్టిక్ ముక్కలు మరీ తెల్లగా ఉన్నాయని టీ డికాక్షన్‌లో ఉడకబెట్టాడు. స్క్రూలు ఉప్పునీళ్ళలో నానేశాడు.

"కృష్ణ ఒడ్డున ఇనుముకి తుప్పు పట్టించడానికి ఉప్పు కూడా కావాలా అండీ? వానాకాలం దాకా ఆగితే అదే పడుతుందిగా" అంది భార్య మల్లీశ్వరి.

తేజేశ్వర్ గరుకు కాగితంతో గిటారు పైఅంచు రుద్దుతున్నాడు. యాభై ఏళ్ళు వాయిస్తే మోచెయ్యి ఆనినచోట రంగు పోతుంది. అతనికి అంత తీరిక లేదు. ఒక ఆదివారం ఉంది.

"మన కొట్లోకి ఇలా అరిగిపోయిన చీర వస్తే వెనక్కి పంపించేస్తారుగా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"అది చీర" అన్నాడు తేజేశ్వర్, రుద్దడం ఆపకుండా.

బెజవాడలో ఇలాంటివాళ్ళు ఏడుగురున్నారు. ఏడుగురికీ కలిపి పదకొండు గిటార్లు. నెలకో ఆదివారం ఒకరింట్లో చేరతారు. టిఫిన్ తింటారు. గిటార్లు ఒళ్ళో పెట్టుకుని బరువులు చెప్పుకుంటారు. వెనక పలకలు విప్పి లోపలి అతుకులు చూపించుకుంటారు. వాయించడం వాళ్ళలో ఎవరికీ రాదు. దానికి పాల్‌ని పిలుస్తారు. పాల్ గవర్నర్‌పేటలో ఒక సన్నటి గదిలో యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయిస్తాడు. అతని గిటారుకి వయసూ లేదు, పేరూ లేదు.

ఏడుగురిలో పెద్ద సాంబశివరావు. ఇబ్రహీంపట్నం థర్మల్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గిటారు ఒక్కటే నిజంగా పాతది, అరవై ఆరు నాటిది. అందులో మోత పోయి రెండేళ్ళయింది. అయినా ఎవర్నీ ముట్టుకోనివ్వడు. మిగతావాటిని కళ్ళు మూసుకుని వింటాడు, తీర్పు చెబుతాడు. తేజేశ్వర్ గిటారు అయిదుసార్లు విన్నాడు. అయిదుసార్లూ ఒకటే తీర్పు.

"బావుంది తేజేశ్వర్ గారూ. కానీ రీఇష్యూయే."

తేజేశ్వర్‌కి ఇల్లుంది, కారుంది, నడిచే దుకాణముంది. ఇక అతనికి కావలసింది ఒకటే. సాంబశివరావు నోట ఆ 'కానీ' లేకుండా ఒక్క మాట. ఇది అసలు, అనే మాట.

ఆ నెల సమావేశం తన ఇంట్లోనే. పన్నెండు రోజుల ముందు, ఇంకా ఏదో సరిచేద్దామని మళ్ళీ గిటారు విప్పాడు. తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ ఎనిమిది వేల చుట్లు చుట్టి ఉంటుంది. గిటారు గొంతు అదే. అక్కడ స్క్రూడ్రైవర్ జారింది. తీగ తెగింది. గొంతు పోయింది.

పాల్ మీటర్ పెట్టి చూశాడు. పెదవి విరిచాడు.

"మళ్ళీ మొత్తం చుట్టాలండీ."

"బయట నుంచి కొత్తది తెప్పిస్తే?"

"మూడు నెలలు." పాల్ ఆ పెట్టెను వేళ్ళ మధ్య తిప్పాడు. "మీది పెడన కదండీ? మీవాళ్ళలో ఎవరికైనా రాట్నం ఉందా? ఇదీ కండే. నూలు బదులు రాగి, అంతే."

తేజేశ్వర్‌కి ఆ పోలిక నచ్చలేదు. అయినా మర్నాడు పాల్‌ని కారెక్కించుకుని పామర్రు మీదుగా పెడన బయల్దేరాడు.

పెద్దమ్మ పేరు బాలత్రిపురసుందరి. ఆదిశేషయ్య అన్నగారి భార్య. డెబ్భై నాలుగేళ్ళు. పెదనాన్న పోయి మగ్గం ఆగింది గానీ ఆవిడ రాట్నం ఆగలేదు. పక్కిళ్ళ నేతగాళ్ళకి ఇప్పటికీ కండెలు చుట్టిస్తుంది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టి పెట్టే వేలెడు గొట్టాన్ని కండె అంటారు. ఆవిడ పికప్‌ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇంత పొట్టి కండేంట్రా?"

"కండె కాదు పెద్దమ్మా. పికప్."

"చుట్టేదాన్ని కండే అంటారు. కూర్చో."

పాల్ దాన్ని రాట్నం కదురు కొసకి టేపుతో అంటించాడు. చక్రం ఒకసారి తిరిగితే కదురు ఇరవైసార్లు తిరుగుతుంది. నాలుగు వందలసార్లు చక్రం తిప్పితే చాలు. మొదటిసారి తీగ యాభైలోనే తెగింది. పెద్దమ్మ రెండు కొసలూ నాలిక మీద తడిపి, వేళ్ళతో మెలేసి అతకబోయింది.

"అలా కుదరదు పెద్దమ్మగారూ. పైన పూత ఉంటుంది. కరెంటు పారదు. మళ్ళీ మొదట్నించీ చుట్టాల్సిందే" అన్నాడు పాల్.

"ముడి పడనిదేం నూలయ్యా!"

రెండోసారి, మూడోసారి కూడా తెగింది. పెద్దమ్మ లేచి వెళ్ళి పాత పంచె ముక్క తెచ్చి, నాలుగు మడతలు వేసి, మడతలో నుంచి తీగ లాగింది. నాలుగోసారి తెగలేదు. ఆవిడ కళ్ళు గోడ మీద ఉన్నాయి. చూపు మసకబారి ఏడాదైంది. చూడవలసిన అవసరమూ లేదు, వేళ్ళు చూసుకుంటున్నాయి.

వందో చుట్టు దాటాక తేజేశ్వర్ ముందుకి వంగాడు. "పెద్దమ్మా, మరీ ఇంత పొందిగ్గా వద్దు. కాస్త అడ్డదిడ్డంగా చుట్టు."

చక్రం ఆగింది. "ఏంటీ?"

"అడ్డదిడ్డంగా. అరవై రెండులో అమెరికా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు అలాగే చుట్టేవాళ్ళు. ఆ నాదం అందుకే వస్తుందంట."

"పని రాక చుట్టుంటారు."

"అలా కాదు పెద్దమ్మా..."

"ఒరేయ్. వంకర కండె చుట్టానని కాపరానికొచ్చిన మూడో నాడు మా అత్తగారు మీ పెదనాన్న ముందే నా చెవి మెలేసింది. ఆ తర్వాత యాభై అయిదేళ్ళు ఎవరి చేతా మాట పడలేదు. ఇప్పుడు నీ గిటారు కోసం వంకరగా చుట్టమంటావా?"

"ఒక్కటేగా."

"నువ్వు బయటికెళ్ళి ఫోన్ చూసుకో పో."

తేజేశ్వర్ అరుగు మీదకి వెళ్ళి ఫోన్ చూసుకున్నాడు. తిరిగి వచ్చేసరికి చుట్టడం అయిపోయింది. పొర మీద పొర, నేసిన గుడ్డలా ఉంది. పాల్ అది కనిపించకుండా గబగబా పైన దారం చుట్టేశాడు.

"అడ్డదిడ్డంగానే వచ్చిందా?"

"లోపల అలాగే ఉందండీ" అన్నాడు పాల్.

తేజేశ్వర్ నమ్మాడు. దుకాణంలో ఆడవాళ్ళు అతన్ని నమ్మినట్టే.

సమావేశం నాటికి పెద్దమ్మ బెజవాడలోనే ఉంది. కంటి డాక్టరుకి చూపించడానికి మల్లీశ్వరే వెళ్ళి తీసుకొచ్చింది. ఆదివారం పదకొండు గంటలకి హాల్లో ఏడుగురూ చేరారు. పాల్ గిటారు అందుకుని, ఒక పాత పెళ్ళి పాట నెమ్మదిగా వాయించాడు. సాంబశివరావు కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయింది. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఇది అసలు" అన్నాడు సాంబశివరావు.

ఆయన కళ్ళు తెరిచి మిగతావాళ్ళ వైపు తిరిగాడు.

"విన్నారా? చుట్టు ఎగుడుదిగుడుగా ఉంది. చెవికి తెలుస్తోంది. మిషన్ మీద ఇది రాదు." మిగతా అయిదుగురూ ఎగుడుదిగుడు విన్నట్టు తలలాడించారు. "ఎవరు చుట్టారండీ?"

అప్పుడే వంటింటి గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో పునుగుల పళ్ళెం. తేజేశ్వర్ ఆవిణ్ణి చూశాడు. పెడన అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట బయటపడితే ఇప్పుడు మోగిన నాదం పెడన నాదం అయిపోతుంది. ఈ ఆరుగురూ పునుగులు తిని, ఆవిడకి నమస్కారం పెట్టి, దారిలో నవ్వుకుంటారు.

"కాలిఫోర్నియాలో ఒక పెద్దావిడండీ. అప్పట్లో ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసిందంట. ఇప్పుడు ఇంటి దగ్గర ఏ ఒకటో రెండో చుట్టిస్తుంది."

"పేరు?"

"మార్గరెట్."

సాంబశివరావు ఆ పేరు పెదవుల మీద ఒకసారి అనుకున్నాడు. పెద్దమ్మ వచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టింది. "తినండి బాబూ, చల్లారిపోతాయి" అంది. పాల్ తల వంచుకుని తీగలు తుడుస్తూ కూర్చున్నాడు.

పనిమనిషి చేసినట్టు పళ్ళాలు తీసింది కూడా ఆవిడే.

వారం తిరక్కుండానే సాంబశివరావు స్వయంగా దుకాణానికి వచ్చాడు. అరవై ఆరు నాటి తన గిటారు పికప్‌ని పట్టుగుడ్డలో మూట కట్టి తెచ్చాడు. రెండేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వనిది. రెండు చేతులతో అందించాడు.

"ఆవిడకే పంపండి. ఇంకెవరి చేతా వద్దు."

తేజేశ్వర్ తిన్నగా ఇంటికి వెళ్ళాడు. పెద్దమ్మ కుడికంటికి ఆపరేషన్ అయి, నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, ఇంకొకటి చుట్టాలి."

"ఆవిణ్ణి అడుగు."

"ఎవర్ని?"

"మార్గరెట్టమ్మని."

"పెద్దమ్మా, అది ఊరికే..."

"ఊరికే ఎలా అవుద్ది? అంతమంది పెద్దమనుషుల ముందు చెప్పావు. ఆవిడుండగా నేను వేలు పెడితే ఏం బావుంటుంది?"

"వాళ్ళకి ఇవన్నీ అర్థం కావు పెద్దమ్మా. బయటి సరుకంటేనే గురి."

"కొట్లో అందరికీ నా పేరు చెప్పి అమ్ముతావంట. మల్లి చెప్పింది. నేను ముట్టుకోని చీరలకి నా పేరు పెడతావు. నేను చుట్టినదానికి ఇంకోదాని పేరు పెడతావు. మంచి వ్యాపారమేరా." ఆవిడ నల్లద్దాలు సర్దుకుంది. "ఆ ఇంజినీరుగారిని పెడన తీసుకురా. ఆయన ఎదురుగా కూర్చుంటే చుడతాను. నాకేం బరువు కాదు."

తేజేశ్వర్ రెండు రోజులు ఆలోచించాడు. నిజం చెప్పడం అంటే ఒక ఫోన్ కాల్. ఫోన్ తీశాడు, పెట్టేశాడు. మూడో రోజు పట్టుగుడ్డ మూటని నురగ పెట్టెలో సర్ది, నిజంగానే అమెరికా పంపాడు. అక్కడ పేరున్న ఒక పనిశాలకి. మార్గరెట్‌లు ఎవరూ లేరు. మిషన్లు ఉన్నాయి.

తిరిగి రావడానికి మూడున్నర నెలలు పట్టింది. ఈలోగా మార్గరెట్ పెరిగింది. సాంబశివరావు అడిగేవాడు, తేజేశ్వర్ చెప్పాల్సి వచ్చేది. ఆవిడకి కుక్క ఉంది. మోకాళ్ళ నొప్పులున్నాయి. తెల్లవారుజామునే తప్ప చుట్టదు. తనని కొడుకులా చూస్తుంది. తను ఆవిణ్ణి పెద్దమ్మా అనే పిలుస్తాడు. ఈ చివరి మాట ఎందుకన్నాడో తేజేశ్వర్‌కే తెలియదు. కాస్త నిజం కలిస్తే అబద్ధం నిలుస్తుందని చీరల దగ్గర నేర్చుకున్నాడు.

మాఘమాసంలో మళ్ళీ అతని ఇంట్లోనే సమావేశం. పెద్దమ్మ మళ్ళీ ఉంది, ఈసారి ఎడమకన్ను. ఆపరేషన్ అయి నాలుగు రోజులు. తిరిగొచ్చిన పికప్ బిగించి, పాల్ మొదట సాంబశివరావు గిటారుని వాయించాడు. తర్వాత తేజేశ్వర్‌ది. మళ్ళీ సాంబశివరావుది. ఆయన కళ్ళు తెరిచాడు. మొహం వాడిపోయింది.

"మీదాంట్లో ఉన్నది ఇందులో లేదు. మీ గిటారు ముందు నాదే రీఇష్యూ."

ఇంతకన్నా పెద్ద మాట ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు. తేజేశ్వర్ ఒళ్ళు పులకరించింది. వెంటనే చల్లబడింది, ఎందుకంటే సాంబశివరావు ఇంకా అతని వంకే చూస్తున్నాడు.

"ఇది ఆవిడ చెయ్యి కాదు. ఆవిడే చుట్టారా, నిజం చెప్పండి?"

"లేదండీ" అన్నాడు తేజేశ్వర్. మిగతాది దానంతట అదే వచ్చింది. "ఆవిడ పోయారండీ. కిందటి నెల. ఇది శిష్యులు చుట్టారు. మీకెలా చెప్పాలో తెలియక..."

సాంబశివరావు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళూ లేచారు. ఒడిలోని గిటార్లు సోఫాల మీద పెట్టి, చేతులు కట్టుకుని, తలలు దించారు. కాలిఫోర్నియాలో పుట్టని, చావని మనిషి కోసం బెజవాడలో ఏడుగురు ఒక నిమిషం మౌనం పాటించారు. పాల్ కూడా నిలబడ్డాడు. అతని భుజాలు మెల్లగా కదులుతున్నాయి. దుఃఖమనుకున్నారు.

కాఫీలు తెచ్చిన పెద్దమ్మ గుమ్మంలో ఆగింది. "ఎవరు పోయారు బాబూ?"

"మార్గరెట్ గారమ్మా, కిందటి నెల. మీవాడి గిటారుకి తీగ చుట్టిన మహాతల్లి" అన్నాడు సాంబశివరావు.

"అయ్యో, పోయిందా!" ఆవిడ కాఫీల పళ్ళెం కింద పెట్టింది. "ఏరా, చెప్పనేలేదే? కిందటి నెలంటే ఇన్నాళ్ళూ స్నానం చెయ్యకుండానే తిరుగుతున్నావా?"

"స్నానమేంటి పెద్దమ్మా?"

"నువ్వు ఆవిణ్ణి ఏమని పిలిచేవాడివి?"

తేజేశ్వర్ బదులు సాంబశివరావే చెప్పాడు. "పెద్దమ్మా అనే పిలిచేవారమ్మా. మాకు చెప్పారు."

"చూశారా! మా ఇంట్లో పెద్దమ్మ పోతే పదకొండు రోజులు మైల బాబూ. కబురు ఎప్పుడు తెలిస్తే అప్పుడు తలమీద నీళ్ళు పోసుకోవాలి." ఆవిడ దగ్గరికి వచ్చి, అతనికి మాత్రమే వినపడేలా అంది. "చుట్టినావిడ చచ్చిపోయిందన్నావు కదరా. స్నానం చెయ్యకపోతే ఎలా?"

తేజేశ్వర్ సాంబశివరావు వంక చూశాడు. ఆయన కళ్ళలో గౌరవం ఉంది. "వెళ్ళండి తేజేశ్వర్ గారూ. మేముంటాం" అన్నాడు.

"నేనూ చెయ్యాలి. కంట్లో నీళ్ళు పడకూడదన్నాడు డాక్టరు. నా తరఫున కూడా నువ్వే ఇంకో బకెట్ పోసుకో నాయనా" అంది పెద్దమ్మ. తర్వాత గిటారు వైపు తిరిగింది. "మైల ఇంట్లో వాయిద్యం ఉండకూడదు. పాలూ, నీకు మైల లేదుగా? ఈ పదకొండు రోజులూ నీ దగ్గర పెట్టుకో."

"నాకు రోజూ పెళ్ళిళ్ళున్నాయండీ పెద్దమ్మగారూ" అన్నాడు పాల్.

"మంచిదే. వాయించు."

"పందిట్లోనా? చెమట పడుద్ది! రంగు పోద్ది!" అని తేజేశ్వర్ అరిచాడు.

"పోవాలనేగా రుద్దారు" అంది వంటింట్లోంచి మల్లీశ్వరి.

సాంబశివరావు పెద్దమ్మ వైపే నిలబడ్డాడు. ఆచారం ఆచారమే అన్నాడు. మిగతా అయిదుగురూ తలలాడించారు. మల్లీశ్వరి తువ్వాలు తెచ్చి భర్త భుజం మీద వేసింది.

మాఘమాసం నీళ్ళు. తేజేశ్వర్ బట్టలతోనే పీట మీద కూర్చుని మొదటి బకెట్ ముగించాడు. వీధిలో పాల్ స్కూటర్ కదిలి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. పళ్ళు టకటకలాడుతుంటే కుళాయి తిప్పాడు. రెండో బకెట్ నిండుతోంది.

తలుపవతల పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తలమీంచి పొయ్యి నాయనా. నాకు కనపడదు. వినపడాలి."